స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 1 తీసుకోవాలా, డైమెన్సిటీ 8100 తీసుకోవాలా?

ప్రశ్న:
వెతగ్గా వెతగ్గా ఈ రెండు చిప్‌ల ఫోన్లు మిగిలాయి. బ్యాటరీ రెండింట్లోనూ 5000 ఎంఏహెచ్. రోజూ గంటసేపు గేమ్, మిగతా టైమంతా బ్రౌజింగ్, యూట్యూబ్. బెంచ్‌మార్క్ (వేగం కొలిచే పరీక్షల) స్కోర్లలో 8 జెన్ 1దే పైచేయి. వాడకంలో ఆ తేడా తెలుస్తుందాండీ?

జవాబు 1:
గంటసేపు గేమ్ అంటున్నారు కాబట్టి 8100 తీసుకోండి. 4 నానోమీటర్లు, 5 నానోమీటర్లు అన్న అంకెలు (చిప్ తయారీ పద్ధతుల పేర్లు, తక్కువైతే మెరుగనిపిస్తుంది) చూసి మోసపోవద్దు. 8 జెన్ 1 శాంసంగ్ 4 ఎన్ఎంలో తయారైంది, 8100 తైవాన్ చిప్ తయారీ కంపెనీ టీఎస్ఎంసీ 5 ఎన్ఎంలో. ఎక్కడ తయారైందన్నదే ఇక్కడ అసలు సంగతి. 2022లో స్నాప్‌డ్రాగన్ కంపెనీ క్వాల్‌కామ్ దాదాపు అదే డిజైన్‌ని టీఎస్ఎంసీకి మార్చి 8 ప్లస్ జెన్ 1గా తెచ్చింది. పెద్ద కోర్ వేగం 3 నుంచి 3.2 గిగాహెర్ట్జ్‌కి పెరిగినా, కరెంటు 30 శాతం దాకా తగ్గుతుందని కంపెనీయే చెప్పింది.

వేగం పెంచాలంటే వోల్టేజ్ కూడా పెంచాలి. ఖర్చయ్యే పవర్ వోల్టేజ్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది: వోల్టేజ్ 10 శాతం పెరిగితే, వేగం సంగతి పక్కన పెట్టినా, పవర్ 21 శాతం ఎక్కువ. ఫోన్‌లో ఫ్యాన్ ఉండదు కదా, వేడెక్కగానే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు ఆ స్కోరు ఎందుకూ పనికిరాదు.

జవాబు 2:
పైన చెప్పింది నిజమే, కానీ ఒకే చిప్ ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా ఉంటుంది. కేస్ తీసేసి, ఛార్జర్ పీకేసి, 3డీమార్క్ అనే టెస్టింగ్ యాప్‌లో వైల్డ్ లైఫ్ స్ట్రెస్ టెస్ట్ పెట్టండి. ఒక్కోటి నిమిషం చొప్పున 20 రౌండ్లు. స్టెబిలిటీ శాతం (అతి ఎక్కువ స్కోరులో అతి తక్కువ స్కోరు ఎంత శాతమో) ఒక్కటే చూస్తే పొరపాటు: 10000 నుంచి 6000కి పడితే 60 శాతం, 5000 నుంచి 4750కి పడితే 95 శాతం. అయినా మొదటిదే ముందుంది. అందుకే చివరి ఐదు రౌండ్ల స్కోర్లు పోల్చండి. అలాగే వెనకవైపు చేత్తో పట్టుకోలేనంత వేడి ఉంటే ఆ స్కోరు కూడా లెక్కలోకి రాదు.

జవాబు 3:
యూట్యూబ్ అన్నారు కాబట్టి ఇంకో మాట. యూట్యూబ్ వాడే ఏవీ1 అనే వీడియో ఫార్మాట్‌ని విప్పే ప్రత్యేక భాగం (డీకోడర్) 8 జెన్ 1లో లేదు, 8100లో ఉంది. లేనిచోట ఏవీ1 వీడియో వస్తే భారమంతా సీపీయూ మీదే పడుతుంది. బ్రౌజింగ్‌లో మాత్రం చిప్ కన్నా స్క్రీన్, సిగ్నల్ ఎక్కువ తింటాయి. సిమ్ స్టేటస్‌లో సిగ్నల్ మైనస్ 115 డీబీఎం దగ్గర, అంటే బాగా బలహీనంగా, ఉంటే ఏ చిప్ అయినా బ్యాటరీ ఇట్టే అయిపోతుంది.

ఎమ్యులేటర్లు (వేరే మెషీన్ల గేమ్‌లని ఫోన్‌లో నడిపే యాప్‌లు) ఆడేవాళ్లయితే నా జవాబు వేరే, 8 జెన్ 1. దాని గ్రాఫిక్స్ భాగం అడ్రినోకి టర్నిప్ అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్లు వేసుకోవచ్చు, 8100లోని గ్రాఫిక్స్ భాగం మాలికి ఆ వీలు లేదు.

ప్రశ్న అడిగినవారు:
ఎమ్యులేటర్లు ఆడనండీ. 8 ప్లస్ జెన్ 1 ఫోన్ దొరికితే?

జవాబు 1:
అయితే ఇంకేం ఆలోచించొద్దు, అదే తీసుకోండి. పెట్టె మీద 'ప్లస్' ఉందో లేదో మాత్రం చూసుకోండి.