ఆంటీబ్ పికాసో మ్యూజియం: పనిగట్టుకుని వెళ్లి చూడదగ్గదేనా?

పాతకుంచె:
ఫ్రాన్స్ వెళ్లేవాళ్ల కోసం రాస్తున్నాను. దక్షిణాన ఆంటీబ్ ఊళ్లో, సముద్రాన్ని ఆనుకుని ఉన్న గ్రిమాల్డీ కోటలో పికాసో మ్యూజియం ఉంది. కోట బాగుంది. లోపలికెళ్తే నిరాశే. 1946లో ఆయన అక్కడ వదిలి వెళ్లినవి 23 పెయింటింగులు, 44 డ్రాయింగులు. దగ్గర్లోని వల్లోరిస్ ఊళ్లో ఆయన చేసిన సిరామిక్స్ తర్వాత వచ్చి చేరాయి. పారిస్‌లోని పికాసో మ్యూజియంలో ఆయనవి 5,000కు పైగా ఉన్నాయి. టైమ్ తక్కువ ఉంటే ఇటు రావద్దు.

నీలిగీత:
ఇది సంఖ్య చూసి తేల్చే విషయం కాదండీ. ఆ బొమ్మలు పుట్టింది ఆ కోటలోనే. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన మరుసటి ఏడాది, కోట బాధ్యతలు చూసే క్యూరేటర్ దోర్ ద లా సూషేర్ చోటు ఇస్తే, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా పికాసో అక్కడే గీశారు. ఆయన బొమ్మ ‘లా జ్వా ద వీవ్ర్’ (బతుకులోని ఆనందం) చూశారా? మధ్యలో తంబురీన్ పట్టుకుని ఆడే అమ్మాయి, పక్కన గెంతే మేకలు, వెనక తెరచాప పడవ. అది చూసి టెర్రస్ మీదికొస్తే ఎదురుగా అదే సముద్రం. పారిస్‌లో ఇది దొరకదు.

ఉప్పుగాలి:
సోమవారం సెలవు. చూసుకుని వెళ్లండి.

పాతకుంచె:
సముద్రం చూడ్డానికి టికెట్ అక్కర్లేదు. 23 అన్నది నిజమా కాదా, అది చెప్పండి ముందు.

నీలిగీత:
నిజమే. అదే మ్యూజియంలో ఉన్న, చిత్రకారుడు నికొలా ద స్టాల్ చివరి బొమ్మ ‘ల కోన్సేర్’ (కచేరీ) మాటేంటి? 1955లో అదే ఊళ్లో గీస్తూ, పూర్తి చేయకుండానే చనిపోయారు. ఆరు మీటర్ల వెడల్పు, అంతా ఎరుపు. దాని ముందు నాకు చాలాసేపు మాట రాలేదు.

పాతకుంచె:
అది పికాసోది కాదు కదా. పికాసో పేరు పెట్టుకున్న మ్యూజియంలో వేరేవాళ్ల బొమ్మ చూపించి లెక్క పెంచుతున్నారు.

మూడోమెట్టు:
ఇద్దరూ 23 దగ్గరే ఆగిపోయారు. మా పిల్లలకి నచ్చింది. మళ్లీ వెళ్తాం.

నీలిగీత:
పాతకుంచె గారూ, మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఒక పెద్ద మ్యూజియంలో జనం తోసుకుంటుంటే ఒక్క బొమ్మ ముందైనా ఆవిడ నిలబడలేకపోయింది. ఆంటీబ్‌లో గంటసేపు తీరిగ్గా చూసింది. కొద్దిగా ఉండటమే దాని బలం. మీకు బొమ్మలు చూడ్డం కంటే లెక్కపెట్టడమే ముఖ్యమైతే ఇక నేనేం చెప్పను?

పాతకుంచె:
నాకు బొమ్మలు చూడ్డం రాదంటారా? సరే, వినండి. ‘లా జ్వా ద వీవ్ర్’ కాన్వాస్ మీద లేదు. రెండున్నర మీటర్ల ఫైబర్ సిమెంటు షీటు మీద ఉంది. రంగు రిపోలిన్, అంటే ఎనామిల్ పెయింటు. నాకు 19 ఏళ్లప్పుడు ఆయిల్ ట్యూబులు కొనే డబ్బుల్లేక, తలుపులకి వేయగా మిగిలిన ఎనామిల్‌తో సిమెంటు షీటు మీద బొమ్మ గీసి పరీక్షకి పట్టుకెళ్లాను. పరీక్ష చేసినాయన గోటితో గీకి, "ఇది తలుపుల రంగు" అని, షీటుని గోడవైపు తిప్పి పెట్టేశారు. ఆంటీబ్‌లో అదే రంగు, అదే షీటు ముందు జనం ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. నా కడుపు మండిపోయింది.

నీలిగీత:
ఈ మాట మొదటే చెప్పాల్సిందండీ. కానీ అప్పుడు ఆయనకీ కాన్వాస్ దొరకలేదు. కోటలో ఉన్న ఒక పాత సైనికాధికారి చిత్రపటం మీదే సీఅర్చిన్ (ఒంటి నిండా ముళ్లుండే సముద్రజీవి) తినేవాణ్ని గీసేశారు. పడవల రంగైతే సముద్రపు తేమని తట్టుకుంటుందని అది వాడారంటారు. మీలాగే, చేతికి దొరికినదానితో పని చేశారు. ఆ బొమ్మలు మీ పక్షానే ఉన్నాయి కదా?

పాతకుంచె:
ఆయనకి దొరక్కపోతే అది కథ అవుతుంది. నాకు దొరక్కపోతే తప్పు అయింది. మీరు చోటు గొప్పదంటున్నారు, నేను పేరు గొప్పదంటున్నాను. కింద పేరు లేకపోతే ఆ షీటు ముందు ఆగేవారా?

నీలిగీత:
ఆగేదాన్ని. ఆ మేకల కాళ్లు చూసి ఆగేదాన్ని. మీరు నమ్మకపోతే నేను చేయగలిగింది లేదు. మీ షీటు ఇంకా ఉందా?

పాతకుంచె:
ఉంది, అటక మీద. నీలం వెలవలేదు. గోటి గీత కూడా అలాగే ఉంది. మ్యూజియం విషయంలో మాత్రం నా మాట మారదు. పికాసో కోసం ఒక్క రోజే ఉంటే పారిస్.