నాలుగేళ్ల బాబుకి ఆపరేషన్: పొద్దున్నే ఆకలి ఎలా మరిపించాలి?

మాది గాజువాక. మా నాలుగేళ్ల వాడికి వచ్చే వారం గజ్జల్లో హెర్నియా ఆపరేషన్. చిన్నదే, సాయంత్రానికి ఇంటికి పంపేస్తామన్నారు. మత్తు ఇస్తారు కాబట్టి, దానికి 6 గంటల ముందు నుంచి పాలు, టిఫిన్ ఏమీ పెట్టకూడదు. మంచినీళ్లు మాత్రం 2 గంటల ముందు వరకు ఇవ్వొచ్చట. వీడేమో కళ్లు తెరవగానే స్టీలు గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడే రకం! చెల్లిని ముందురోజే పెందుర్తిలో అమ్మమ్మ దగ్గర వదిలేద్దామంటే, రాత్రిపూట నేను లేకపోతే ఉండదు. అది వీడి ముందే పాలు తాగితే ఇంక అంతే.

"సూది ఉండదని చెప్పెయ్యి" అంటున్నారు మా అత్తగారు. అబద్ధం చెప్పడం నాకిష్టం లేదు. ఎంతవరకు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి? ఇంటికొచ్చాక సోఫా ఎక్కి దూకకుండా పిల్లల్ని ఆపగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే, అదెలాగో కూడా చెప్పండి.