అప్‌డేట్: టేప్ బ్యాకప్‌కి అమాండాయే ఖాయం

మెయిల్‌డిర్ (ఒక్కో మెయిల్‌ని ఒక్కో ఫైలుగా దాచే పద్ధతి) సర్వర్‌ని ఎల్‌టీఓ టేప్‌కి (బ్యాకప్‌కి వాడే అయస్కాంత టేప్) ఎక్కించడానికి బ్యాకప్ సాఫ్ట్‌వేర్లలో బాకులానా, అమాండానా అని అడిగాను కదా. అమాండాయే. సర్వర్ మొత్తం పోయినా, అమాండా లేని మెషీన్‌లో టేప్ చదవొచ్చు: డిఫాల్ట్ సెట్టింగ్‌లో ప్రతి డంప్ (ఒక్కో బ్యాకప్ ఫైలు) ముందు 32 కిలోబైట్ల హెడర్ (దాని వివరాల ముక్క) ఉంటుంది, డీడీలో (డేటాని బ్లాకులుగా కాపీ చేసే కమాండ్) బ్లాక్ సైజు 32కే, స్కిప్ 1 ఇచ్చి దాన్ని దాటేస్తే టార్‌తో తీసిన డంప్ అయితే మిగిలేది మామూలు టార్ ఫైలు, అంటే ఫైళ్ల మూట (కంప్రెస్ చేసుంటే మధ్యలో జీజిప్‌తో విప్పాలి). బాకులాది సొంత ఫార్మాట్. కేటలాగ్ (ఏ ఫైలు ఏ టేప్‌లో ఉందో రాసుకునే డేటాబేస్) పోతే, టేప్ చదివి దాన్ని తిరిగి కట్టే బీస్కాన్‌తో కుస్తీయే.

టేప్ డ్రైవ్ మాటిమాటికీ ఆగి వెనక్కి తిరిగేది. లక్షల చిన్న ఫైళ్లు, టేప్ వేగానికి డిస్క్ అందివ్వలేదు మరి. హోల్డింగ్ డిస్క్ (టేప్‌కి ఎక్కేముందు బ్యాకప్‌ని తాత్కాలికంగా పెట్టుకునే డిస్క్) పెట్టాక ఆ గోల పోయింది.

లినక్స్‌లో టేప్ డివైజ్‌గా ఎన్‌ఎస్‌టీ0 (/dev/nst0) ఇవ్వండి. ఎస్‌టీ0 అయితే డివైజ్‌ని మూసిన ప్రతిసారీ టేప్ మొదటికి చుట్టుకుంటుంది.