మార్గరెట్ ఒలిఫంట్ ఎక్కువ రాసి తన ప్రతిభను పాడుచేసుకుందా?

పాతపుస్తకం: పిల్లల్ని చదివించడానికి, బతకడానికి పందొమ్మిదో శతాబ్దపు స్కాటిష్ నవలా రచయిత్రి మార్గరెట్ ఒలిఫంట్ తన మెదడును అమ్ముకుందని 1938లో ‘త్రీ గినీస్’ అనే పుస్తకంలో ఆంగ్ల రచయిత్రి వర్జీనియా వూల్ఫ్ బాధపడింది. నాకూ అదే బాధ. దాదాపు వంద నవలలు, బ్లాక్‌వుడ్స్ పత్రికకు రెండు వందలకు పైగా రచనలు! అప్పట్లో నవలలు మూడేసి సంపుటాలుగా వచ్చేవి కదా, వాటిని నింపాలని సాగదీసిన పేజీలు చదువుతుంటే, ఇంత చురుకైన మనిషి ఇలా రాయాల్సి వచ్చిందేమిటా అనిపిస్తుంది. మీరేమంటారు?

గోదారిగట్టు: ముందు ఆమె ఇంటి సంగతి చూడండి. 1859లో రోమ్‌లో భర్త క్షయతో పోయాడు. ఇద్దరు పిల్లలు, కడుపులో ఇంకొకరు, నెత్తిన వెయ్యి పౌండ్ల దాకా అప్పు. అయిదేళ్లకు అదే రోమ్‌లో కూతురు పోయింది. తర్వాత అన్న ఆర్థికంగా చితికిపోతే అతన్నీ, అతని పిల్లల్నీ తనే సాకింది. ఇన్ని నోళ్లకు ఒక్క కలమే ఆధారం. మనసు కుదిరినప్పుడు రాద్దాంలే అనుకునే వీలు ఎక్కడుంది?

పాతపుస్తకం: కష్టం కాదనను. కానీ కొడుకుల్ని ఈటన్ లాంటి ఖరీదైన బడిలోనే చదివించాలా అండీ? అందుకోసం ఆ పక్కనే ఉన్న విండ్సర్‌లో కాపురం కూడా పెట్టింది. ఆ ఖర్చు తగ్గించుకుంటే కొన్ని నవలలైనా తీరిగ్గా రాసేది కదా! ఆ కాలపు మరో నవలా రచయిత్రి జార్జ్ ఎలియట్‌ని చూసుకున్నట్టు తననీ అద్దాల గదిలో మొక్కలా చూసుకుని ఉంటే ఇంకా బాగా రాసేదాన్నా అని ఆత్మకథలో ఆమే ప్రశ్నించుకుంది. చదివినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది. ఆ కొడుకులిద్దరూ కూడా ఆమె బతికుండగానే, 1890లో ఒకరు, 1894లో ఒకరు పోయారు.

వెన్నెలకిటికీ: ఒలిఫంట్ నవల ‘హెస్టర్’ చదివారా? 1883లో వచ్చింది. కుటుంబ బ్యాంకు మునిగిపోతుంటే కేథరిన్ వెర్నన్ సొంత డబ్బు పెట్టి నిలబెడుతుంది. ఆమె ఇచ్చిన ఇంట్లో ఉంటూ, ఆమె దయతో బతుకుతూ, చుట్టాలు ఆమెనే ఆడిపోసుకుంటారు. పదిమందిని పోషించిన మనిషికే ఆ మాటల పదును తెలుస్తుంది. అద్దాల గదిలో కూర్చుంటే ఈ పుస్తకం పుట్టేదే కాదని నా నమ్మకం.

పాతపుస్తకం: ‘హెస్టర్’ చదవలేదు, ఈ వారమే మొదలుపెడతాను. అయినా వందలో ఎన్ని అలాంటివి?

వెన్నెలకిటికీ: ‘మిస్ మార్జోరీబ్యాంక్స్’, ‘ఎ బిలీగర్డ్ సిటీ’ కూడా చదవండి. ఈ మూడూ అయ్యాక మళ్లీ మాట్లాడుకుందాం.