పరాన్నజీవి ఎర్ర శైవలాలకు విడి ప్రజాతి అవసరమా?

ఎమ్మెస్సీ_బోటనీ: కాలిఫోర్నియా తీరంలో గ్రాసిలేరియాప్సిస్ అనే ఎర్ర శైవలం (సముద్రపు నాచు) మీద గ్రాసిలేరియోఫిలా ఒరైజోయిడ్స్ పరాన్నజీవిగా బతుకుతుంది. అదీ ఎర్ర శైవలమే, ఆతిథేయికి, అంటే తాను బతికే ఆ శైవలానికి, దగ్గరి చుట్టం కూడా. ఇలాంటివాటిని విడి ప్రజాతిగా (దగ్గరి జాతులను కలిపే వర్గం, genus) ఉంచాలా, ఆతిథేయి ప్రజాతిలో కలిపేయాలా?

కడలిగట్టు: విడిగానే ఉంచాలండి. బయటికి కనిపించేది పాలిపోయిన చిన్న బుడిపె. ఆహారం సొంతంగా తయారు చేసుకోదు. లోపల జరిగేది ఇంకా విచిత్రం. పక్కనున్న ఆతిథేయి కణంతో కలిసిపోయి, తన కేంద్రకాలను అందులోకి పంపి, ఆ కణాన్నే తన పనికి వాడుకుంటుంది. దీన్నీ, ఎండలో ఆహారం వండుకునే శైవలాన్నీ ఒకే ప్రజాతి అంటే ఎలా?

శైవలప్రియ: రూపాన్ని నమ్మి ఇప్పటికే ఒకసారి దెబ్బతిన్నాం. కోరియోకొలాక్స్, హార్వెయెల్లా, హోమ్సెల్లా అనే పరాన్నజీవి ఎర్ర శైవలాలు మూడూ రంగులేని బుడిపెలే కాబట్టి కోరియోకొలాకేసీ అనే ఒకే కుటుంబంలో పెట్టారు. 2004లో జన్యుక్రమాలు పోల్చి చూస్తే మొదటి రెండూ సెరామియేలిస్ అనే పెద్ద వర్గంలో, హోమ్సెల్లా గ్రాసిలేరియేలిస్ అనే మరో వర్గంలో తేలాయి. పరాన్నజీవనం ఏ వంశంలో మొదలైనా శరీరం ఇలాగే కుదించుకుపోతుంది. బుడిపె చుట్టరికానికి రుజువు కాదు.

గ్రాసిలేరియోఫిలా గ్రాసిలేరియాప్సిస్ వంశంలోంచే వచ్చింది. దాన్ని విడదీస్తే, ఒకే పూర్వీకుడి సంతానంలో కొందరిని మాత్రం బయటికి తోసినట్టే. మలేసియా పరిశోధకులు 2014లో కొంగ్రాసిలేరియా బాబే అనే పరాన్నజీవి పేరును గ్రాసిలేరియా బాబేగా మార్చింది ఇలాంటి కారణంతోనే.

కడలిగట్టు: మరి కోరియోకొలాక్స్ సంగతి? దానికి సొంత ప్లాస్టిడ్ (మామూలు శైవలాల్లో ఎండతో ఆహారం తయారుచేసే కణభాగం) ఉందని, కిరణజన్య సంయోగక్రియ జన్యువులు మాత్రం పోయాయని 2015లో తేలింది. గ్రాసిలేరియోఫిలా ఆతిథేయి ప్లాస్టిడ్‌తోనే సరిపెట్టుకుంటుంది. పైగా గ్రాసిలేరియోఫిలా మైటోకాండ్రియాలో కీలక జన్యువులు పోయాయని 2010లో రాశారుగా!

శైవలప్రియ: ఆ మైటోకాండ్రియా వాదనను 2017లో సవరించారు. ఆ జన్యువుల లోటు చాలావరకు జన్యుక్రమాన్ని చదవడంలో, గుర్తించడంలో వచ్చిన పొరపాటేనట. ప్లాస్టిడ్ తేడా మాత్రం నిజం, చాలా ముఖ్యం కూడా. వర్ణనలో తప్పక రాయాలి. కానీ ప్రజాతిని వంశవృక్షంలో కొమ్మ ఎక్కడ చీలిందో చూసే నిర్ణయించాలి. కోరియోకొలాక్స్‌ను కలిపేయమని నేను అనడం లేదు. గ్రాసిలేరియోఫిలాకు మాత్రం విడి ప్రజాతి ఇవ్వడానికి కారణం కనిపించడం లేదు.

కడలిగట్టు: సరే, ప్రజాతి పేరు మార్చినా జాతి (species) వేరే కదా. అలాంటప్పుడు హెర్బేరియం షీట్ (ఎండబెట్టిన నమూనాను అంటించి భద్రపరిచే కాగితం) మీద ఆతిథేయి పేరు తప్పనిసరిగా రాయాలి. ఆ బుడిపె దేని మీద పెరిగిందో తెలియకపోతే, గుర్తుపట్టడానికి సగం ఆధారం పోతుంది.