2009–14 గడిలో తిరుపతి ఎమ్మెల్యేగా ఎవరి పేరు రాయాలి?
మా బడి గోడ మీద తిరుపతి ఎమ్మెల్యేల పట్టిక రాయిస్తున్నాం. 2009 దగ్గర చిక్కొచ్చి పడింది. ఆ ఏడాది గెలిచింది ప్రజారాజ్యం నుంచి చిరంజీవి. 2012లో ఆయన రాజ్యసభకు వెళ్లారు, ఉప ఎన్నికలో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి భూమన కరుణాకర్ రెడ్డి వచ్చారు. తర్వాతి సభలోనూ అంతే: వెంకటరమణ చనిపోయాక 2015లో ఆయన భార్య సుగుణమ్మ గెలిచారు. పెయింటరేమో గడికి ఒక్క పేరే పట్టేలా గీతలు గీసేశాడు!

ఇద్దరి పేర్లూ తేదీలతో రాయడమే న్యాయం అనిపిస్తోంది. అయితే ఉప ఎన్నికలో గెలిచినవారి సభ్యత్వం ఫలితం ప్రకటించిన రోజు నుంచి లెక్కా, ప్రమాణం చేసిన రోజు నుంచా? రాజీనామాకైతే స్పీకర్ ఆమోదించిన తేదీ తీసుకోవాలా? ఆ గెజిట్ కాపీల కోసం హైదరాబాదులో అడగాలా, వెలగపూడిలోనా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.