రామతీర్థం కొండలకు సిమెంటు మెట్లు, రైలింగు కావాలా? కాలిబాటలుగానే ఉంచాలా?

గంటస్తంభం సెంటర్:
మన విజయనగరం కోట చూడటానికి వచ్చినవాళ్లు నగారాఖానా ముందు నాలుగు ఫోటోలు దిగి, గోడ వెంట ఓ చుట్టు తిరిగి, మధ్యాహ్నానికల్లా అరకు దారి పట్టేస్తున్నారు. 1713లో కట్టిన కోట, లోపల చాలావరకు కాలేజీలు. వాళ్లను ఇంకో రోజు ఊళ్లో ఉంచాలంటే మనకున్నది రామతీర్థమే. సుమారు 12 కిలోమీటర్లు. బోధికొండ మీద కోదండరాముడి గుడి, గురుభక్తులకొండ మీద బౌద్ధారామం, దుర్గకొండ గుహలో జైన విగ్రహాలు. ఇన్ని ఒకేచోట ఉన్నా, బోధికొండ తప్ప మిగతావి ఎక్కాలంటే దారి తెలిసిన మనిషి వెంట ఉండాల్సిందే.

గురుభక్తులకొండకు, దుర్గకొండకు కింద నుంచి పైదాకా సిమెంటు మెట్లు, ఇనప రైలింగు, దీపాలు వేయమని పర్యాటక శాఖకు అర్జీ పెడదామనుకుంటున్నాం. సంతకాలు మొదలుపెట్టే ముందు ఇక్కడ అడుగుతున్నాను. వద్దనేవాళ్లు ఎందుకు వద్దో కూడా రాయండి.

విశాఖ వారాంతం:
వద్దు బ్రో. మా వైజాగ్ పక్క తొట్లకొండకు కారు పైదాకా వెళ్తుంది. బౌద్ధారామం చూడ్డానికి ఎంతమంది వస్తున్నారో, సముద్రం వెనకాల పెట్టుకుని సెల్ఫీ దిగడానికి ఎంతమంది వస్తున్నారో ఓ ఆదివారం వెళ్లి చూడండి. మా గ్యాంగ్ రామతీర్థం వచ్చేదే అక్కడ మెట్లు లేవని.

నెల్లిమర్ల కోడలు:
కాలిబాట అందం గురించి రాసేవాళ్లంతా పాతికేళ్ల కుర్రాళ్లే ఎందుకుంటారో నాకు అర్థం కాదు. మా అత్తగారికి అరవై దాటాయి. శ్రీరామనవమికి బోధికొండ మెట్లు ఆగి ఆగి ఎక్కేస్తారు. పక్క కొండ మీద ఏముందో ఆవిడకు ఈరోజుకీ తెలీదు. చీర కట్టుకుని బండల మీద చేతులానించి పాకమంటారా? ఇంటి ముందున్న కొండ ఊరివాళ్లకు అందదు గానీ వైజాగ్ నుంచి బూట్లు కొనుక్కుని వచ్చినవాళ్లకు అందుతుందన్నమాట. మెట్లు వేయండి. నా సంతకం మొదట.

విశాఖ వారాంతం:
అక్కా, బూట్ల గురించి నేనేమీ అనలేదు.

చంపావతి ఒడ్డు:
నేను ఘాట్ రోడ్ల పనుల్లో సూపర్వైజరుగా చేసి రిటైరైన మనిషిని. నా అభ్యంతరం అందం గురించి కాదు, నీళ్ల గురించి.

కొండ మీద పడ్డ వాన ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ దిగుతుంది. మీరు నాలుగడుగుల వెడల్పున సిమెంటు పోశారనుకోండి, ఆ నీరు ఇంకదు. మెట్టు పక్కన మట్టిని పట్టుకుని కిందికి పరిగెడుతుంది. మొదటి ఏడాది పక్కన జానెడు కాలువ పడుతుంది. రెండో ఏడాది మెట్టు కింద మట్టి పోతుంది. ఆ తర్వాత సిమెంటు పలక గాల్లో ఉంటుంది, మనిషి కాలేస్తే కటుక్కుమంటుంది. విరిగిన పలకల మధ్య పొడుచుకొచ్చిన ఇనుముకంటే బండే నయం. మనకు నైరుతి వానలతో అయిపోదు కదా, అక్టోబరులో తుపాను ఉండనే ఉంది. 2014లో హుద్‌హుద్ కురిసినట్టు ఒక్క రాత్రి కురిస్తే చాలు.

మరి ఇప్పుడున్న దారి బాగుందా అంటే అదీ లేదు. ఎక్కడ మెట్టు ఉందో, ఎక్కడ బండే మెట్టో తెలీదు. వంపు తిరిగే ప్రతి చోటా జనం అడ్డంగా కోసుకుని దిగుతున్నారు. ఆ అడ్డదారి నిటారుగా ఉంటుంది కాబట్టి వాన నీరు కూడా దాన్నే ఎంచుకుంటుంది. అలా ఒక దారి మూడు దారులై, మూడూ గాడి పడ్డాయి. కిందకు దిగేటప్పుడు గాడిలో గులకరాళ్లు చూడండి, శనగగింజ సైజువి, బండ మీద పొరలా పరుచుకుని ఉంటాయి. జారేది అక్కడే. పాకుడు పట్టిన చోట మనిషి జాగ్రత్త పడతాడు, ఈ పొడి గులక మీద మాత్రం జాగ్రత్త పడడు.

చేయాల్సింది ఇది: అడ్డదారులకు ముళ్లకంప కొట్టి మూసేయాలి. బాటకు అడ్డంగా, కొంచెం ఏటవాలుగా రాళ్లు పాతాలి, నీరు పక్కకు మళ్లడానికి. మరీ నిటారుగా ఉన్న చోట మాత్రం అక్కడి రాయితోనే, సిమెంటు లేకుండా, మెట్టు పేర్చాలి. రాయి కదిలితే మళ్లీ సర్దుకోవచ్చు. ఇందులో పొక్లెయిన్ పని లేదు. రాళ్ల గట్లు కట్టడం వచ్చిన కూలీలు మన పల్లెల్లోనే ఉన్నారు.

కోటజంక్షన్ మాస్టారు:
పైవారు చెప్పినదానికి చట్టం ముక్క ఒకటి కలుపుతాను. అర్జీ రాసేవాళ్లు అది చూడకుండా రాస్తున్నారని నా అనుమానం. గురుభక్తులకొండ శిథిలాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. 1958 నాటి ప్రాచీన కట్టడాల రక్షణ చట్టానికి 2010లో సవరణ వచ్చింది. దాని ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన ఇంకో 200 మీటర్లు అనుమతి ఉంటేనే ఏదైనా కట్టాలి. కాబట్టి పైదాకా సిమెంటు పోయడం పర్యాటక శాఖ చేతిలో లేదు. ఏం చేసినా పురావస్తు శాఖవారే చేయాలి. దీపాలు అసలెందుకు? ఇలాంటి చోట్ల సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే కదా ప్రవేశం.

ఇంకో సంగతి. ఆ కొండ మీద ఆరామం పొడవాటి తిన్నె మీద ఉంది. ఒకవైపు నిటారు బండ, ఇంకోవైపు జారుడు. స్తూపం, చైత్యాలు, భిక్షువుల గదులు ఆ తిన్నె వెంట వరసగా ఉంటాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ రే తవ్వినప్పుడు సిరి శివమక విజయ అనే రాజు పేరున్న మట్టి ముద్ర కూడా దొరికింది. గోడలు మోకాలెత్తున ఉన్నాయి, ఇటుకకు ఇటుక వదులు. ఇప్పుడొచ్చే పదిమందే కూర్చోవడానికి ఇటుకలు లాగి పెట్టుకుంటున్నారు. వందమంది వస్తే ఏమవుతుంది? బొగ్గుతో పేర్లు రాసేవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

నెల్లిమర్ల కోడలు:
మాస్టారూ, జనం రాకపోతే కాపాడినట్టా? 2020 డిసెంబరులో బోధికొండ మీద రాముడి విగ్రహాన్ని పాడు చేసింది జనం రద్దీగా ఉన్నప్పుడు కాదు, ఎవరూ లేనప్పుడు. మనుషులు తిరిగే చోట ఎవరో ఒకరు చూస్తారు. మీరు చెప్పే 100 మీటర్లు వదిలేయండి, మిగతా కొండకు అడ్డేమిటి?

కోటజంక్షన్ మాస్టారు:
అమ్మా, బోధికొండకు మెట్లు ఉన్నాయి కదా. మెట్లున్నా ఆ రాత్రి ఆపలేకపోయాయి. కావలసింది కాపలా మనిషి. ఆ మాట అర్జీలో రాస్తే నేనూ సంతకం పెడతాను. మిగతా కొండకు అడ్డేమిటన్న ప్రశ్న మాత్రం సరైనదే. చట్టం చూపించి దానికి నేను కాదనలేను.

కొండకింద కుర్రాడు:
మాది రామతీర్థం పక్క ఊరేనండి. నాన్న ఇప్పటికీ మేకలు కాస్తాడు. ఇక్కడ రాసినవాళ్లలో కొండ ఎక్కేవాళ్లు ఉన్నారు, కొండ కింద బతికేవాళ్లు కనబడలేదు.

సిమెంటు మెట్లు వేస్తే ముందు ఇనప గేటు వస్తాది, తర్వాత టికెట్ వస్తాది, ఆ తర్వాత మేకల్ని తోలకూడదంటారు. కట్టెలకెళ్లే ఆడోళ్లని ఆపుతారు. అలాగని ట్రెక్కింగ్ వాళ్లూ మాకేం చుట్టాలు కాదు. తెల్లారకుండా పది బైకులు వస్తాయి, మా కళ్లంలో పెట్టేసి పోతారు. నీళ్ల సీసాలు బండల సందుల్లో కుక్కుతారు, మేం తీయాలి. ఒకసారి ఎవరో పైన పొగ పెట్టి బొంగు చికెన్ చేసుకున్నారు. బండ అంచున ఉన్న తేనెపట్టు లేచిపోయింది. వాళ్లు చొక్కాలు మొహానికి చుట్టుకుని ఉరికారు, మా మేకలకి చొక్కాలు ఎక్కడివి? ఏ అర్జీలో రాస్తారు ఇది?

దారి చూపించమని ఫోన్ చేస్తారు, చూపిస్తాం. దిగాక థాంక్స్ బ్రదర్ అని పోతారు. అరకులో గైడుకి డబ్బులిస్తారు కదా, ఇక్కడ ఎందుకివ్వరు?

విశాఖ వారాంతం:
బొంగు చికెన్ మా గ్యాంగ్ కాదు తమ్ముడూ, ఒట్టు. గైడు డబ్బుల మాట కరెక్టే. మనిషికి ఇంతని ఊరివాళ్లే రేటు చెప్పేస్తే మాకూ టెన్షన్ ఉండదు. సీసాలు మాత్రం మేం కిందికి తెచ్చుకుంటాం.

చంపావతి ఒడ్డు:
తేనెపట్ల మాట చెప్పి మంచి పని చేశావు బాబూ. సిమెంటు కలిపే మిషను, బండ పగలగొట్టే డ్రిల్లు పైకి వెళ్తే మొదట లేచేది అవే. రైలింగుకు బండలో గుంతలు కొట్టాలి కదా.

శాలిహుండం మేష్టారమ్మ:
శ్రీకాకుళం వైపు నుంచి ఒక మాట. మా శాలిహుండంలో కొండకు బాట వేశారు. పిల్లల్ని తీసుకెళ్తుంటాం, ఎవరూ పడలేదు, స్తూపాలూ ఎక్కడికీ పోలేదు. పైనుంచి వంశధార కనబడితే పిల్లలకు పాఠం చెప్పే అవసరమే ఉండదు. అది ఎత్తు తక్కువ కొండ, మీ బండకొండలతో పోలిక పూర్తిగా కుదరదు, ఒప్పుకుంటాను. కానీ మెట్టు వేయగానే చరిత్ర పాడైపోతుందన్నట్టు రాయడం మాత్రం అతి.

దుర్గకొండ సంగతి ఎవరూ ఎత్తలేదేం? రాజరాజనరేంద్రుడి తండ్రి విమలాదిత్యుడి గురువు త్రికాలయోగి సిద్ధాంతదేవుడు రామకొండకు, అంటే ఇక్కడి కొండకే, మొక్కినట్టు అక్కడి గుహలో శాసనం ఉంది. అంటే వెయ్యేళ్ల కిందట ఓ జైన ముని నడిచొచ్చిన చోటు. ఆయన నడిచినట్టే మా ఎనిమిదో తరగతి పిల్లలు నడవాలంటే, నేను వాళ్ల తల్లిదండ్రులకు ఏం సమాధానం చెప్పాలి? దారి ఎటు పోతుందో చెప్పే బోర్డు ఒక్కటైనా ఉంటే తీసుకొస్తాను.

గంటస్తంభం సెంటర్:
సరే, ఇన్ని మాటల తర్వాత అర్జీ మారుస్తున్నాను. దీపాలు తీసేశాను. పై భాగానికి మెట్ల మాట లేదు. దారులు చీలే చోటల్లా తెలుగులో బోర్డులు, నిటారు చోట్ల రాతి మెట్లు, కింద బైకులకు స్థలం, కుళాయి, కాపలా మనిషి, ఊరి కుర్రాళ్లకు గైడు శిక్షణ, మేకల దారి ఆపకూడదని ఒక వాక్యం. కొండ సగం దాకా రైలింగు మాత్రం ఉంచాను, పెద్దవాళ్ల కోసం.

చంపావతి ఒడ్డు:
రైలింగు బదులు రాతి మెట్టు ఎత్తు తగ్గించండి. ఆరంగుళాలు దాటకపోతే అరవై ఏళ్ల మనిషి పట్టు లేకుండానే ఎక్కుతుంది.

నెల్లిమర్ల కోడలు:
ఎక్కుతుంది సరే అన్నగారూ, దిగేటప్పుడో? మీ గులకరాళ్ల కథ మీరే చెప్పారు. రైలింగు తీసేస్తే నా పేరు కూడా తీసేయండి.

కొండకింద కుర్రాడు:
గైడు శిక్షణ అంటే మళ్లీ టౌన్ నుంచి ఎవరో వచ్చి మా కొండ మాకు నేర్పుతారా? రేటు రాయండి చాలు. మేకల వాక్యం అర్జీలో చివర కాకుండా మొదట పెడితే నాన్నతో వేలిముద్ర వేయిస్తాను.